జీలుగు తెడ్డు, బొండాల అన్నం

మా బావమరిది చిన్నాకి పడవ పందేల పిచ్చి పట్టుకుంది. 2025 సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో కేరళ తరహా పందేలు పెడితే, ఊళ్లో కుర్రాళ్లని పోగేసి జట్టు కట్టి దిగాడు. మొదటి రౌండులోనే ఇంటికొచ్చేశారు. "బలం మనకే ఎక్కువ బావా. గెలిచినోళ్ల తెడ్లన్నీ ఒకేసారి నీళ్లలో పడ్డాయి. మనవి పకోడీలు నూనెలో వేసినట్టు పడ్డాయి" అన్నాడు. ఏడు నెలలు అదే మాట.

కేరళలో నెహ్రూ ట్రోఫీ పడవ పందెం 2025లో ఆగస్టు 30న. ఆ రోజుకి కాదు, పది రోజుల ముందే వెళ్లాలని వాడి పట్టు. పందెం టీవీలో కూడా కనబడుతుంది, తయారీ కనబడదు కదా అన్నాడు. నాకు సెలవులు మిగిలి ఉన్నాయి, కరిమీన్ చేప తినాలన్న కోరికా ఉంది. రాజమండ్రిలో బొకారో రైలు ఎక్కాం.

ఆగస్టు 20, బుధవారం – అలప్పుళ

రూములో సంచులు పడేసి నేరుగా పున్నమడ కాయల్ ఒడ్డుకి వెళ్లాం. కాయల్ అంటే ఉప్పుటేరు కాదు, చెరువు కాదు, రెంటికీ మధ్య రకం. పందెం ముగిసే చోట అప్పటికే గ్యాలరీలకి వెదుళ్లు, ఇనప గొట్టాలు దిగాయి. చినుకుల్లోనే పనివాళ్లు కట్లు బిగిస్తున్నారు. నీళ్ల మీద మాత్రం హౌస్‌బోట్లు తప్ప ఏమీ లేవు. చిన్నా మొహం వాడిపోయింది.

గట్టు మీద టీ కొట్లో కూర్చున్నాం. టీ, పళంపొరి (మాగిన నేంద్రం అరటిపండుని పిండిలో ముంచి వేయించిన బజ్జీ) ఇద్దరికీ కలిపి యాభై రూపాయలు. కొట్టాయన గ్లాసు చేతిలో పెట్టి మా ఊరడగలేదు, పేరడగలేదు. "ఏదు వళ్లం?" అన్నాడు. మీది ఏ పడవ అని. చిన్నా "గోదావరి" అన్నాడు. ఆయన ఆ పేరు గల పడవ ఉందేమోనని కాసేపు నిజంగానే ఆలోచించాడు.

ఆ అయిదు రోజులూ ఎవరు పలకరించినా ఇదే మొదటి ప్రశ్న. మన దగ్గర అభిమాన హీరోని అడిగినట్టు అడుగుతారు. జవాబు చెప్పకపోతే నీ మీద నమ్మకం కుదరదు.

ట్రోఫీ పుట్టుక కథ కూడా ఆ కొట్లోనే విన్నాం. ఊరంతా చెప్పే కథే. 1952లో నెహ్రూ వస్తే ఆయన కోసం చుండన్ పడవల (పొడుగాటి పాము పడవలు) పందెం పెట్టారు. నడుభాగం పడవ గెలిచింది. ఆయన ఉత్సాహం ఆపుకోలేక, భద్రత వాళ్లు చూస్తుండగానే ఆ పడవలోకి దూకేశాడు. ఢిల్లీ వెళ్లాక వెండితో చేసిన చుండన్ నమూనా పంపాడు. కొట్టాయన ఆ దూకడం దగ్గరకి వచ్చేసరికి కెటిల్ కింద పెట్టి తనే ఒక అడుగు ముందుకు గెంతాడు.

ఆగస్టు 21, గురువారం – కైనకరికి బయల్దేరి కావాలం

బస్టాండు పక్కనే పడవల జెట్టీ. జలరవాణా శాఖ పడవలు మన పల్లెవెలుగు బస్సుల్లాంటివి. కండక్టరు, టికెట్టు, స్కూలు పిల్లలు, చేపల బుట్టలు, అన్నీ ఉంటాయి. బోర్డులు మలయాళంలో. ఆ గుండ్రటి అక్షరాలు దూరం నుంచి చూస్తే మనవే అనిపిస్తాయి, దగ్గరికెళ్తే ఒక్కటీ పలకదు. మేం వెళ్లాల్సింది కైనకరి. పందెం జట్ల పేర్లలో చిన్నా ఎక్కువసార్లు విన్న ఊరు. 'క'తో మొదలైన పేరు వినబడగానే ఎక్కేశాం. గంట దాటాక కండక్టరు వచ్చి, మీ ఊరు ఎప్పుడో పోయింది, ఇది కావాలం పడవ అని సైగలతో చెప్పాడు. టికెట్టు ఇరవై కూడా కాదు కాబట్టి పోయింది డబ్బులు కాదు, పొద్దు.

కానీ ఆ పొరపాటు లేకపోతే కుట్టనాడు (నీళ్ల మధ్య ఉన్న ఈ పల్లపు పొలాల ప్రాంతం) ఇంత నెమ్మదిగా చూసేవాణ్ణి కాదు. కోనసీమని టీవీల వాళ్లు 'ఆంధ్రా కేరళ' అంటుంటే నేనూ తలూపేవాణ్ణి. ఇప్పుడు ఊపను. కొబ్బరి చెట్ల వరకే పోలిక. మా దగ్గర ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువ నీళ్లు పల్లానికి వాటంతటవే పారతాయి. ఇక్కడ పొలం సముద్ర మట్టానికి దిగువన ఉంది, కొన్ని చోట్ల రెండు మీటర్ల పైనే. పడవలో కూర్చుంటే గట్టుకి అవతల వరిపొలం మన కాళ్ల కంటే కింద కనబడుతుంది. నీళ్లు పెట్టడం కాదు ఇక్కడి రైతు బాధ, తోడి పారబోయడం. గట్టు తెగితే పంట పోయినట్టే.

కావాలం సర్దార్ పణిక్కర్ పుట్టిన ఊరు. రాష్ట్రాల పునర్విభజనకి వేసిన ఫజల్ అలీ కమిషన్‌లో ఒకడు. తెలంగాణ ఆంధ్రలో కలవాలా వేరుగా ఉండాలా అని రాసిన ముగ్గురిలో ఈ నీళ్ల మధ్య పుట్టినాయన ఉన్నాడని గుర్తొచ్చి చిన్నాకి చెప్పాను. వాడు వినలేదు. వాడి కళ్లు కల్లు దుకాణం బోర్డు మీద ఉన్నాయి. ఆ ఒక్క బోర్డు ఏ లిపిలో ఉన్నా చదవగలడు.

ఇక్కడ కల్లు దుకాణం అంటే సగం భోజన హోటలు. ఉడకబెట్టిన కర్రపెండలం (కప్ప అంటారు, ఆ పేరు విని చిన్నా ఒకసారి ఉలిక్కిపడ్డాడు), ఎర్రటి చేపల కూర, బాతు వేపుడు తెప్పించాం. చేపల కూరలో చింతపండు కాదు, కుడంపుళి అని ఎండబెట్టిన నల్లటి తొనలు వేస్తారు. పులుపు నాలుక మీద కాదు, గొంతు దగ్గర తెలుస్తుంది. మా చేపల పులుసుతో పోటీ పెట్టను, అది వేరే వంట. ఇద్దరికీ కలిపి ఆరు వందల ఇరవై.

పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన మా మాటలు విని, "ఏమండీ, గోదావరి జిల్లాయా?" అన్నాడు అచ్చ తెలుగులో. విశాఖ డాక్‌యార్డులో ఇరవై ఏళ్లు చేసి రిటైరయ్యాడట. ఇంకా మల్కాపురం గుర్తుందట. మేం వచ్చిన పని చెప్పాం. చాలాసేపు మా వంక చూసి, "పందెం చూడ్డానికి వచ్చేవాళ్లుంటారు. ప్రాక్టీసు చూడ్డానికి ఎవరొస్తారు?" అన్నాడు. అయినా ఎవరికో ఫోన్ చేశాడు. రేపు తొమ్మిదికి రమ్మన్నాడు, ఒక షరతు మీద. ఏ జట్టు, ఏ పడవ, ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు అన్నది బయట చెప్పకూడదు. ఇప్పుడు పందెం అయిపోయింది కదా, రాసెయ్ బావా అంటాడు చిన్నా. నేను రాయను.

ఆగస్టు 22, శుక్రవారం – వళ్లప్పుర

వళ్లప్పుర అంటే పడవ ఇల్లు. పొడుగాటి పాక, లోపల సగం చీకటి. ఆ చీకట్లో నూట ముప్ఫై అడుగుల దగ్గర పొడుగున్న నల్లటి పడవ. నేను రైలు పెట్టెని ఊహించుకుని వెళ్లాను. ఎదురుగా నిలబడితే అంత పొడుగూ కనబడదు. ముందు కనబడేది వెనక భాగం, ఇత్తడి పువ్వులతో, మనిషికి మూడింతల ఎత్తున లేచిన తోక. పడగెత్తిన పాము అని ఎందుకంటారో అప్పుడు అర్థమైంది.

వెనక భాగాన్ని వాళ్లు 'అమరం' అంటున్నారు, ముందు భాగాన్ని 'అణియం'. నాకు ఒళ్లు జలదరించింది. మా తాత గోదావరిలో నాటు పడవ నడిపాడు. ఈ రెండు మాటలూ ఆయన పోయాక నేను ఎవరి నోటా వినలేదు.

చిన్నా చెప్పుల కాళ్లతో పడవ దగ్గరికి వెళ్లబోయాడు. నూనె రాస్తున్న ముసలాయన చూపుడు వేలు మాత్రం ఎత్తాడు. అరవలేదు. వీడు చెప్పులు పట్టుకుని గుమ్మం దాకా వెనక్కి నడిచి వచ్చాడు. తర్వాత చూస్తే అణియం దగ్గర చిన్న దీపం కూడా ఉంది.

చెక్క అంజిలి. మన పనసకి అడవిలో ఉండే చుట్టం. పాత పద్ధతిలో అయితే చేప నూనె, కొబ్బరి చిప్పల బొగ్గు పొడి, కోడిగుడ్లు కలిపి అడుగున పట్టించేవారట. చెక్క నీళ్లు తాగకూడదు, నీళ్లలో జారాలి. ముసలాయన గుడ్డతో కాదు, అరచేత్తో రాస్తున్నాడు. ఒక జానెడు మేర రాసి, చెయ్యి వెనక్కి తిప్పి వేళ్ల వెనక భాగంతో తడిమి చూస్తాడు. గరుకు తగిలితే మళ్లీ మొదలు. నేను చూసిన ముప్పావు గంటలో ఆయన రెండు బారలు కూడా కదల్లేదు. పిల్లకి నలుగు పెట్టేటప్పుడు మా నాయనమ్మ ఇలాగే చేసేది, వేళ్ల వెనకతోనే చూసేది.

తెడ్డు చేతికిచ్చారు. మనిషి నడుము దాటే పొడుగు, ఆకు వెడల్పు జానెడు. ఎత్తి చూసిన చిన్నా "ఇది ఏ చెట్టు?" అన్నాడు. చూండపన అన్నారు. ఫోన్‌లో బొమ్మ చూపించారు. చేప తోకలాంటి ఆకులు, వేలాడే గెలలు. జీలుగు! మన ఏజెన్సీలో కల్లు గీసే జీలుగు చెట్టే. చిన్నా ఆ తెడ్డుని ఇంటికి తీసుకెళ్లే గంగిగోవులా నిమిరాడు.

పదకొండింటికి కొత్తవాళ్లకి శిక్షణ. పడవలో కాదు. కాలవ గట్టున నీళ్లలో పోక మానులు పాతి, బల్లలు కట్టారు. వాటి మీద ఇద్దరిద్దరు పక్కపక్కన కూర్చుని తెడ్డు వేస్తారు. బల్ల కదలదు. నీళ్లు మాత్రమే వెనక్కి పోతాయి. ఎక్కడికీ పోని పడవ. మమ్మల్ని చూసి నవ్వి, చిన్నాని కూర్చోబెట్టారు.

వాడు బలంగానే వేశాడు. శిక్షకుడు మూడోసారికే ఆపించాడు. డాక్‌యార్డు పెద్దాయన తెలుగులో చెప్పాడు: "బాబూ, నువ్వు చేతులతో లాగుతున్నావు. నడుం వంచి, తెడ్డు ముందుకి పాతి, ఒళ్లంతా వెనక్కి తేవాలి. పాతాక లాగడం ఎవడైనా లాగుతాడు. అందరూ ఒకేసారి పాతడమే పని." ముందు కూర్చున్నవాడి వీపు చూడమన్నారు, తెడ్డు చూడొద్దన్నారు. తెడ్డు చూసి వేస్తే అప్పటికే ఆలస్యమట. పావుగంటకి చిన్నా అరచేతిలో రెండు బొబ్బలు లేచాయి. పక్కన కూర్చున్న పంతొమ్మిదేళ్ల కుర్రాడు తన చెయ్యి చూపించాడు. బొబ్బలు దాటిపోయి చెప్పు అట్టలా ఉంది.

మధ్యాహ్నం వంటపాక. నాకు తెలిసి అసలు సంగతి ఇక్కడే ఉంది. వందమందికి పైగా రోజూ మూడు పూటలా తింటారు. పొద్దున గుడ్లు, అరటిపళ్లు, పాలు. మధ్యాహ్నం అన్నం, చేప, మజ్జిగ. రాత్రి మాంసం. మందు ముట్టకూడదు, క్యాంపు అయ్యేదాకా ఇంటికెళ్లి పడుకోకూడదు. పెళ్లయి మూడు నెలలైన ఒకణ్ణి మిగతావాళ్లు ఏడిపిస్తున్నారు. భాష రాకపోయినా ఆ ఏడిపింపు మాకు పూర్తిగా అర్థమైంది.

లెక్కలు చూసే ఆయన వేళ్ల మీద చెప్పాడు: తెడ్డు వేసేవాళ్లకి రోజు కూలీ, తిండి, పడవ అద్దె, మరమ్మతు, మోటారు పడవకి డీజిలు, అన్నీ కలిపి సీజనుకి కోటి దాకా పోతుందట. గెలిచినా బహుమతి డబ్బు అందులో ఓ మూలకి రాదు. మరి ఎందుకు అని అడిగాను. పెద్దాయన నా ప్రశ్నని అనువదించలేదు. "అది అడక్కండి, బాగుండదు" అన్నాడు.

అన్నం వండే గుండిగ పక్కన బియ్యం బస్తాలు. చిన్నా ఒకదాన్ని తిప్పి చూసి నన్ను పిలిచాడు. బస్తా మీద తెలుగు అక్షరాలు, మా గోదావరి మిల్లు అడ్రసు. 'ఆంధ్రా జయ' అని ఇక్కడివాళ్లు ప్రాణం పెట్టే లావు బియ్యం మా బొండాలే. మా ఊళ్లో పండించి, ఒక్కడూ తినకుండా లారీ ఎక్కించేస్తాం. ముప్ఫై ఏళ్లుగా మా నాన్న అమ్మిన బొండాల అన్నం నేను మొదటిసారి కుట్టనాడులో తిన్నాను. లావుగా, విడివిడిగా, కొంచెం నమలాల్సి వస్తుంది. చేపల కూరకి సరిగ్గా సరిపోయింది.

ఆగస్టు 23, శనివారం – నీళ్ల మీద

మూడింటికి పడవని దించారు. వెంట వెళ్లే మోటారు పడవలో మాకు ఒక మూల చోటిచ్చారు. ఎనభై పైచిలుకు తెడ్లు, అమరంలో అయిదుగురు పొడుగాటి చుక్కాని తెడ్లు పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో నిలబడి పాడేవాళ్లు కొందరు, బరువైన కర్రతో పలక మీద దభీమని దంచేవాళ్లు ఇద్దరు. ఆ దంపుడే తాళం. ఎవరో "ఆర్‌ప్పో" అని కేకేస్తే అందరూ "ఇర్రో ఇర్రో" అన్నారు. మాకు తెలియకుండానే మేమూ అన్నాం.

మొదటి అరగంట నాకు విసుగే వచ్చింది. వేగం లేదు. పది తెడ్లు వేస్తారు, ఆపుతారు. శిక్షకుడు మోటారు పడవలోంచి మైకులో ఏదో తిడతాడు. ఇద్దరు లేచి చోట్లు మార్చుకుంటారు. మళ్లీ పది తెడ్లు. బరువు కుడివైపు ఎక్కువైందని ఒకణ్ణి ఎడమకి, పొట్టివాడి వెనక పొడుగువాడు పడ్డాడని ఇంకొకణ్ణి నాలుగు వరసలు వెనక్కి. పెళ్లి భోజనాల బంతిలో చోట్లు సర్దినట్టు గంటసేపు ఇదే. చిన్నా మాత్రం నోట్‌బుక్‌లో గీతలు గీసుకుంటున్నాడు.

ఇంత సర్దుడు ఎందుకని అడిగితే పెద్దాయన 2024 ఫైనల్ చెప్పాడు. కారిచాల్ పడవ 4 నిమిషాల 29.785 సెకన్లు. వీయపురం 4 నిమిషాల 29.790. తేడా అయిదు మిల్లీసెకన్లు. "ఆ వీయపురంలో తెడ్డు వేసినవాళ్లలో మా చుట్టపు కుర్రాడున్నాడు. వాడు ఏడాదంతా ఎవరు ఆ అయిదు మిల్లీసెకన్లు పోగొట్టారా అని ఆలోచిస్తూనే ఉన్నాడు. తనేనేమో అని."

అయిదు దాటాక వాన. అప్పుడు పూర్తి దూరం వేశారు. దంపుడు మొదట నెమ్మదిగా, ఫోన్‌లో లెక్కపెడితే నిమిషానికి అరవై లోపే ఉంది. తర్వాత పెరిగింది, చివర్లో నేను లెక్క తప్పాను. పడవ నీళ్లని చీల్చుకుని పోతుందని అంటారు గాని, దగ్గర్నుంచి నాకలా అనిపించలేదు. ప్రతి తెడ్డుకీ పడవ మొత్తం ఒక జానెడు పైకి లేచి, ముందుకి దూకి, కూర్చుంటోంది. లేచినప్పుడు వాన చప్పుడు వినబడుతుంది, కూర్చున్నప్పుడు దంపుడు. మా మోటారు పడవ వెనకబడిపోయింది.

సగం దూరంలో ఎడమవైపు ఒక్క తెడ్డు తప్పింది. ఎవరిదో నాకు కనబడలేదు, చిన్నాకి కనబడింది. దాని వెనక తెడ్డు దానికి కొట్టుకుంది, దాని వెనకది దానికి, అలా ఏడెనిమిది తెడ్లు మడత పడ్డాయి. పడవ ముక్కు పక్కకి తిరిగింది. అమరంలో అయిదుగురూ ఒంటి కాలి మీద ఒరిగిపోయి దాన్ని దారిలో పెట్టారు. "చూశావా బావా, పకోడీలు" అన్నాడు చిన్నా. వాడి గొంతులో సంతోషం వినబడింది, తప్పు మనవాళ్లకే కాదు అన్న సంతోషం.

ఒడ్డుకొచ్చాక శిక్షకుడు తప్పినవాణ్ణి ఏమీ అనలేదు. అందరినీ మళ్లీ బల్లల దగ్గరికి పంపాడు. చీకట్లో, వానలో, ఎక్కడికీ పోని ఆ పడవలో ఇంకో అరగంట.

ఆగస్టు 24, ఆదివారం – అంబలప్పుళ, తిరుగు రైలు

పొద్దున అంబలప్పుళ కృష్ణుడి గుడికి వెళ్లాం, సగం దర్శనానికి, సగం పాల్పాయసానికి. పాలు, బియ్యం, పంచదార, అంతే. గంటల తరబడి మరిగి లేత గులాబీ రంగుకి తిరిగింది. మా ఇంట్లో పరమాన్నం చేసే అక్కాచెల్లెళ్లు ఇది చదవకూడదు గాని, దీని ముందు మనది తేలిపోతుంది.

స్టేషన్‌కి పెద్దాయన వచ్చాడు. చేతిలో పేపరు చుట్టిన పొడుగాటి కట్ట. పాత తెడ్డు, అంచు చీలింది, పందేనికి పనికిరాదు. "మీ వడ్రంగికి కొలతలకి ఇవ్వండి" అన్నాడు. డబ్బులు ఇవ్వబోతే చేతులు వెనక్కి కట్టుకున్నాడు. రైల్లో దాన్ని ఎక్కడ పెట్టినా ఎవరికో ఒకరికి తగిలింది. పాలక్కాడ్ దాకా మూడుసార్లు క్షమించమన్నాం, తర్వాత పై బెర్తులో చిన్నా పక్కనే పడుకోబెట్టాం.

ఇంటి దగ్గర

30వ తేదీ పందెం ఫోన్‌లో చూశాం. వీయపురం గెలిచింది, 4 నిమిషాల 21 సెకన్లు. నిరుడు అయిదు మిల్లీసెకన్లతో పోయిన పడవే. పెద్దాయనకి ఫోన్ చేస్తే అవతల టపాకాయల చప్పుడు, మాట వినబడలేదు.

జీలుగు చెక్క కోసం చిన్నా రంపచోడవరం వైపు కబురు పెట్టాడు. కల్లు వచ్చే చెట్టుని తెడ్ల కోసం ఎవడు నరుకుతాడని అక్కడివాళ్లు నవ్వారట. ఎండిపోయింది దొరికితే చూస్తామన్నారు. బల్లలు మాత్రం కట్టేశాడు. కాలువలో పాతితే కాలువ చూసుకునే లస్కరు ఊరుకోడని మా చేపల చెరువులో కొబ్బరి దుంగలు దించారు. నిన్న సాయంత్రం ఆరుగురు కుర్రాళ్లు కూర్చుని వేశారు. చేపలు బెదురుతున్నాయని మా నాన్న గట్టు మీద నిలబడి తిడుతున్నాడు, వాళ్ల దంపుడికి సరిగ్గా తాళం తప్పకుండా.